ఊరి కొండ మీద పది వేల మొక్కలు నాటే ముందు

శ్రీకాకుళం జిల్లా మందస వైపు మీ ఊరి వెనక సుమారు 30 ఎకరాల బోడికొండ ఉందని, ఒక సంస్థ 10,000 మొక్కలు ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చిందని, ఆరుద్ర కార్తెలో నాటేయాలని కుర్రాళ్లంతా ఉత్సాహంగా ఉన్నారని రాశారు. ఏ జాతులు అడగాలి, దగ్గరదగ్గరగా నాటే మియావాకీ పద్ధతి మన కొండకు పనికొస్తుందా, తీరం వైపు ఇసుకలో సరుగుడే వేయాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. ఈ వానాకాలం ఆ కొండ మీద మొక్కలు నాటవద్దు. ఈ ఏడాదంతా కొండకు అగ్గి తగలకుండా, ఒక భాగంలోకి పశువులు వెళ్లకుండా చూడండి. నేల కింద ఇంకా బతికి ఉన్న మోళ్లు ఎన్నో లెక్కపెట్టండి, లాంటానా పొదలు తీయించండి, చుట్టుపక్కల తల్లిచెట్ల నుంచి విత్తనాలు సేకరించండి. వచ్చే ఏడాదికి మీకు కావలసిన మొక్కలు పది వేలు కావు, బహుశా వెయ్యో పదిహేను వందలో ఉంటాయి, అవి కూడా ఆ సంస్థ ఇచ్చే జాతులు కాకపోవచ్చు. ఆ సంస్థకు ఈ ఏడాది మర్యాదగా ఆగమని చెప్పి, ఆ డబ్బుతో ఇద్దరు కాపలాదారులకు రెండేళ్ల జీతం ఇవ్వగలరేమో అడిగి చూడండి. ఒప్పుకుంటే మీ అదృష్టం, ఒప్పుకోకపోయినా మీకు పోయేదేమీ లేదు.

ఇలా ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను. టెక్కలి, పాతపట్నం, మెళియాపుట్టి వైపు కొండల మీద స్థానిక జాతుల మొక్కలు పెంచి నాటించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. అందులో మొదటి పదేళ్లు నేను కూడా మీ కుర్రాళ్లలాగే ఆలోచించాను: గొయ్యి తవ్వడం, మొక్క పెట్టడం, ఫోటో తీయడం, మరుసటి ఏడాది అదే గోతిలో మళ్లీ మొక్క పెట్టడం.

బోడికొండ అని మనం పిలిచేది చాలాసార్లు నిజంగా బోడిది కాదు. కిందటిసారి ఒక ఊరివాళ్లు నన్ను పిలిచినప్పుడు కొబ్బరితాడుతో పది మీటర్ల చదరం కట్టి, అందులో మోకాళ్ల మీద కూర్చుని వెతికాము. దూరం నుంచి అంతా ఎండుగడ్డే. దగ్గరకు వెళితే గడ్డి దుబ్బుల మధ్య నల్లమద్ది మోడు ఒకటి కనిపించింది. దాని మొదలు నా తొడంత లావుంది, పైన మాత్రం జానెడు చిగుళ్లు, అవి కూడా మేకలు కొరికిన ఆనవాళ్లతో ఉన్నాయి. మట్టి కాస్త తప్పించి చూస్తే పాత కొమ్మలు కాలిన మచ్చలు ఒకదానిపై ఒకటి కనిపించాయి. ఆ చెట్టు ఏటా చిగురిస్తోంది, ఏటా ఎండాకాలంలో కాలిపోతోంది, మిగిలింది మేకలు తింటున్నాయి. ఆ ఒక్క చదరంలో నల్లమద్ది, తునికి, కొడిసెపాల, గుంపెన, ఉసిరి కలిపి పదకొండు మోళ్లు తేలాయి. పదకొండింటికీ లోతైన వేళ్లు ఉన్నాయి. నర్సరీ సంచిలో పెరిగిన తొమ్మిది నెలల మొక్కకు అంత వేరు వ్యవస్థ రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే ఊహించండి. అక్కడ గొయ్యి తవ్వితే ఆ వేళ్లనే నరుకుతాము. నేను అలా నరికించిన వాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

కాబట్టి మొదటి పని లెక్క. కొండ కింద, నడుమ, పైన ఐదేసి చొప్పున పదిహేను చదరాలు వేయండి. చదరానికి నాలుగైదు బతికిన మోళ్లు ఉంటే ఎకరానికి 160 నుంచి 200 చెట్లు నేలలోనే ఉన్నట్టు. అక్కడ కాపలా తప్ప వేరే ఖర్చు లేదు. అటవీశాఖ భాషలో దీన్ని సహాయక సహజ పునరుత్పత్తి అంటారు. పేరు పెద్దదే గానీ చేసేది తక్కువ: ఒక్కో మోటికి వచ్చిన పదీ పన్నెండు చిగుళ్లలో బలమైన రెండింటిని ఉంచి మిగతావి కోసేయడం, చుట్టూ గడ్డి తీయడం, అగ్గిని ఆపడం. ఒకటీ లేని చదరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకోండి, నాటడం అక్కడే.

అగ్గి గురించి మాట్లాడకుండా మన వైపు కొండల గురించి మాట్లాడటం దండగ. శివరాత్రి దాటాక కొండలు తగలబడటం మనకు మామూలైపోయింది. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టేవారు ఉంటారు, తునికాకు లేత చిగురు కోసం పెట్టేవారు ఉంటారు, కొత్త గడ్డి కోసం పశువుల కాపరులు పెట్టేదీ ఉంటుంది, చుట్ట పారేస్తే అంటుకునేదీ ఉంటుంది. వీళ్లెవరినీ తిట్టి ప్రయోజనం లేదు. ఇప్పచెట్ల కింద ఆకును ముందే ఊడ్చిపెడితే పూలు ఏరడానికి నిప్పు అక్కర్లేదు. ఒక ఊళ్లో ఆ ఊడ్చే పనికి కూలి ఇచ్చాము, ఆ ఏడాది కొండ ఆ వైపు నుంచి అంటుకోలేదు. సంక్రాంతి వెళ్లగానే కొండ చుట్టూ మూడు నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి గీకి ఫైర్ లైన్ వేయించండి. ఆలస్యమై ఫిబ్రవరి చివర వేస్తే అప్పటికే ఒకసారి కాలి ఉంటుంది.

మేత విషయంలో కొండ మొత్తాన్ని ఎప్పుడూ మూయకండి. మూడో వంతు మూసి, మూడు వానాకాలాలు గడిచాక అది తెరిచి ఇంకో వంతు మూయండి. మూసిన భాగంలో గడ్డి కోసుకెళ్లడానికి అందరికీ హక్కు ఉండాలి. మేకలవాళ్లను, పుల్లలకు వెళ్లే ఆడవాళ్లను మొదటి సమావేశానికి పిలవకపోతే మీ కంచె పది రోజులు కూడా నిలవదు. కుర్రాళ్లు తీర్మానం రాసి, పెద్దలు సంతకాలు పెట్టి, మేకలవాళ్లకు మాత్రం చెప్పని ఊళ్లు నేను చాలా చూశాను.

లాంటానా సంగతి. కొందరు దీన్ని తలంబ్రాల చెట్టు అంటారు. పూలమొక్కగా దేశంలోకి వచ్చి అడవంతా అల్లుకున్న అమెరికా ఖండాల మొక్క ఇది. నరికితే ఇంకా గుబురుగా వస్తుంది, కాలిస్తే కూడా వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు బృందం చూపిన పద్ధతి నేను చేసినవాటిలో అన్నిటికంటే బాగా పనిచేసింది. నేల మట్టానికి రెండు మూడు చేతివేళ్ల లోతున, చిగుళ్లు పుట్టే భాగానికి కింద, తల్లివేరును గునపంతో తెంచాలి. తర్వాత పొదను ఎత్తి వేళ్లు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. పడుకోబెడితే కొమ్మలు నేలను తాకిన చోట మళ్లీ వేరు పోసుకుంటుంది, కూలీలు తొందరలో చేసే తప్పు అదే. కాయలు పండకముందు తీయాలి, ఆ తర్వాత రెండేళ్లు మొలకలు పీకాలి. ఇంకొక మాట, ఉన్న లాంటానా అంతా ఒక్కసారే తీసేయవద్దు. వాలు నేలలో అది తీసిన చోట వెంటనే గడ్డో పొదో రాకపోతే మొదటి పెద్ద వానకే మట్టి గెడ్డలోకి, అంటే వాగులోకి పోతుంది.

ఇక జాతులు. ఉచిత మొక్కల జాబితా మీరు పంపలేదు గానీ నాకు తెలిసినంతలో ఇలాంటి లారీల్లో వచ్చేవి కానుగ, వేప, నేరేడు కొన్ని, మిగతావి గ్లైరిసిడియా, ఆస్ట్రేలియా తుమ్మ, కొనోకార్పస్. చివరిదాన్ని గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటడం నిషేధించింది. మీ కొండ మీదకు అది రానే రాకూడదు. జామాయిల్, సరుగుడు పొలంలో పంటగా వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, కొండకు మాత్రం అవి అడవి కావు. జీడితోట సంగతీ అంతే. తిత్లీ తుపానులో, 2018 అక్టోబరు 11న, ఉద్దానం తీరప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు ఎలా నేలకూలాయో మీకు నేను చెప్పనవసరం లేదు. ఊరికి ఆదాయం కావాలంటే కొండ కింద నాలుగైదు ఎకరాలు జీడికని విడిగా రాసుకోండి, దాన్ని అడవి పునరుద్ధరణ లెక్కలో కలపకండి. రెండూ కలిపేస్తే ఐదేళ్లకు కొండంతా జీడే అవుతుంది.

గెడ్డ ఒడ్డున ఏరుమద్ది, నేరేడు, కానుగ, వెదురు. నడుమ వాలులో నల్లమద్ది, వేగిస, కరక, తాని, ఇప్ప, ఉసిరి, తునికి, సారపప్పు చెట్టు. పైన రాతి మీద నాటకండి. మరీ నాటాలనిపిస్తే రాతి పగుళ్లలో తపసి, కొండగోగు విత్తనాలు వేసి వదిలేయండి. పైన రాతి పలకల మీద చెట్లు లేకపోవడం లోపం కాదు. వానాకాలంలో ఆ పలకల మీద నీరు నిలిచే చోట్ల గడ్డిజాతులు, వేలెడు ఎత్తు కూడా లేని కీటకాహారి మొక్కలు, దుంపజాతులు పుట్టి పూసి నాలుగు నెలల్లో మాయమవుతాయి. అలాంటి ఒక చోట నేను మూడు వందల గోతులు తవ్వించాను. జానెడు మట్టి కింద రాయి తగిలింది, మొక్కలన్నీ మొదటి వేసవికే ఎండిపోయాయి, తవ్విన మట్టి కొట్టుకుపోయింది, అక్కడ ఉన్న గడ్డి ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు. ఖాళీగా కనిపించిన ప్రతి నేలా చెట్టు కోసం ఎదురుచూస్తోందని అనుకున్నందుకు నేను చెల్లించిన మూల్యం అది.

గుగ్గిలం, అంటే సాల్ చెట్టు, మీ చుట్టుపక్కల ఉందేమో చూడండి. తూర్పు కనుమల్లో సాల్ అడవుల దక్షిణపు అంచు మన ఉత్తరాంధ్ర కొండలే కాబట్టి ఇక్కడ ఉన్న ప్రతి సాల్ గుంపు విలువైనది. దాని విత్తనం మాత్రం ఆగదు. రెక్కలున్న ఆ కాయలు జూన్‌లో తొలకరికి రాలతాయి, వారం పది రోజుల్లో మొలకశక్తి పోతుంది. ఒక ఏడాది మేము రెండు గోనెసంచుల కాయలు ఏరి తెచ్చాము. పనికి డబ్బు ఇస్తున్న సంస్థవాళ్లు ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగమన్నారు. పదమూడు రోజులు ఆగాము. సంచి విప్పితే లోపల వేడి, బూజు వాసన, సగం కాయలు సంచిలోనే మొలిచి వేళ్లు చిక్కుకుని చచ్చిపోయి ఉన్నాయి. అతిథిగారు మాత్రం ఒక టేకు మొక్క నాటి వెళ్లారు. ఇప్ప, నేరేడు, వేప విత్తనాలు కూడా నిలవ ఉండవు, ఏరిన వారంలోపే మట్టిలో పడాలి. రేల లాంటి గట్టి పెంకు విత్తనాలు ఏడాదిపాటు డబ్బాలో ఉంటాయి గానీ వేసే ముందు గరుకు బండ మీద అరగదీయాలి, లేకపోతే నీరు లోపలికి దిగదు.

విత్తనం ఎక్కడిదన్నది జాతి పేరంత ముఖ్యం. ఒకే పెద్ద చెట్టు కింద సంచి నింపుకోవడం సులువే, కానీ అప్పుడు మీ కొండ మీద చెట్లన్నీ ఒకే తల్లి పిల్లలవుతాయి. నా పద్ధతి ఏమిటంటే, జాతికి కనీసం 30 తల్లిచెట్లు, ఒకదానికొకటి యాభై అడుగులైనా ఎడం, చెట్టు కాయల్లో పావు వంతు మించి తీయకపోవడం. ఒక జాతికి 30 చెట్లు దొరకకపోతే ఆ జాతి మీ ప్రాంతంలో ప్రమాదంలో ఉందని అర్థం, దాని మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ప్రపంచంలో సుమారు 58,500 వృక్షజాతులుంటే వాటిలో 30 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని 2021లో బొటానిక్ గార్డెన్స్ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ నివేదిక తేల్చింది. అదే సమయంలో లారీల్లో ఊళ్లకు వచ్చే మొక్కలు పట్టుమని పదిహేను జాతులు కూడా ఉండవు. ముప్పులో ఉన్నవాటిని ఎవరూ పెంచడం లేదు, పెంచుతున్నవాటికి ముప్పేమీ లేదు.

నరమామిడిని ఉదాహరణగా తీసుకోండి. అగరుబత్తుల జిగురుకోసం దీని బెరడు ఒలుస్తారు. చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది, కాండానికి ఒక పక్కన సన్నని పట్టీ తీస్తే బతుకుతుంది. కొనేవాళ్లు కిలోల లెక్కన కొంటారు కాబట్టి చుట్టూ ఒలవడమే జరుగుతుంది. మన కొండల్లో చేతి మందం చెట్టు కూడా దొరకని చోట్లు నాకు తెలుసు. కొండచీపురుదీ ఇంచుమించు అదే కథ, పుల్ల కోస్తే దుబ్బు మళ్లీ వస్తుంది, వేరుతో పీకితే రాదు. ఇక అడ్డాకు తీగది ఇంకో రకం అన్యాయం. విస్తళ్లు కుట్టే ఆ ఆకు ఎన్ని ఇళ్లకు తిండి పెడుతుందో ఏజెన్సీకి వెళ్లినవాళ్లకు తెలుసు, సాల్ కలప కోసం అడవిని చూసిన పాతకాలపు పద్ధతిలో మాత్రం అది చెట్లను వంచే పీడ, నరికేయవలసిన తీగ. మీ లెక్కలో తీగలకు, పొదలకు కూడా ఒక గడి పెట్టండి.

పొదలు అంటే గుర్తొచ్చింది. కలే పొద, పరిమి పొద, రేగు పొద ఉన్న చోట వాటిని నరకకండి. వాటి మధ్యలో కర్రతో రంధ్రం చేసి ఉసిరి, తాని, కరక విత్తనాలు వేయండి. మేక మూతి అక్కడ దూరదు, వేసవిలో నీడ దొరుకుతుంది, కంచె ఖర్చు లేదు. నా అనుభవంలో ముళ్లపొదలో వేసిన విత్తనం, బయట గోతిలో పెట్టిన మొక్క కంటే నాలుగో ఏటికి ముందుంది. మొలకలు తక్కువే వస్తాయి, వచ్చినవి మాత్రం నిలుస్తాయి.

సంచి మొక్కలే నాటవలసి వస్తే ఒకటి చూడండి. నాలుగైదు సంచులు చింపి మట్టి దులిపితే వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయా? ఉంటే ఆ లారీని వెనక్కి పంపండి. ఎత్తు చూసి మురిసిపోవద్దు, సంచిలో రెండేళ్లు ఉండి ఆరడుగులు పెరిగిన మొక్క, రెండడుగుల మొక్క కంటే త్వరగా ఎండుతుంది.

మియావాకీ గురించి. జపాన్ శాస్త్రవేత్త అకిరా మియావాకీ రూపొందించిన ఆ పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు పెట్టి, నేలను బాగా తవ్వి, ఎరువు వేసి, రెండు మూడేళ్లు నీరు పెట్టి పెంచుతారు. బడి ఆవరణలో పది సెంట్లకు అది బాగుంటుంది. మీ 30 ఎకరాలంటే సుమారు 1,21,000 చదరపు మీటర్లు, మూడేసి చొప్పున వేసినా 3.6 లక్షల మొక్కలు కావాలి, పైగా కొండ మీదకు నీళ్ల ట్యాంకరు ఎక్కాలి. అదీకాక మన కొండల అడవి గడ్డికి వెలుతురు దిగే పలుచటి ఆకురాల్చు అడవి, గుబురు అడవి కాదు. వద్దు.

మీ ఊరికి ఆ సంస్థ ఎందుకు వచ్చిందో కూడా తెలిస్తే మంచిది. 2021 నుంచి 2030 వరకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. మన దేశం 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల క్షీణించిన భూమిని బాగుచేస్తామని మాటిచ్చింది. 2023 అక్టోబరులో, మొక్కలు నాటించినవారికి క్రెడిట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ నిబంధనలు వచ్చాయి, హెక్టారుకు కనీసం 1,100 చెట్లు, చెట్టుకు ఒక క్రెడిట్ అన్నట్టు మొదట్లో లెక్క కట్టారు. లక్ష్యాలన్నీ మంచివే. పై నుంచి కిందికి వచ్చేసరికి మాత్రం అవి మొక్కల సంఖ్యగా మారిపోతున్నాయి. మోటికి వచ్చిన చిగురు ఏ పట్టికలోనూ కనబడదు, గోతిలో పెట్టిన మొక్క కనబడుతుంది, అది మూడో ఏట ఎండినా పట్టికలో పచ్చగానే ఉంటుంది. మీరు ఒప్పందం రాసుకుంటే మూడో వానాకాలం తర్వాత బతికి ఉన్నవాటి లెక్క మీద రాసుకోండి.

గొయ్యి తవ్వకముందే తహసీల్దారు కార్యాలయంలో ఆ సర్వే నంబరు చూడండి. రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి లేకుండా మీరు ముట్టుకోలేరు. పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం కావాలి. ఎవరికైనా సాగుకు ప్రభుత్వం డి-పట్టా ఇచ్చి ఉంటే అడవి ఎదిగాక తగాదా తప్పదు. మీ ఊళ్లో సవర, జాతాపు గిరిజనులు ఉండి అది అటవీభూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కుకు గ్రామసభ దరఖాస్తు చేయవచ్చు. కాపాడే అధికారం ఊరి చేతికే వస్తుంది కాబట్టి నా ఓటు దానికి.

తీరం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇసుకతిన్నె ముందు భాగాన్ని, అలకు దగ్గరగా ఉన్నదాన్ని, బాలబంది తీగకు, రావణాసురుడి మీసాల గడ్డికి వదిలేయండి. ఇసుకను పట్టి తిన్నెను నిలిపేవి అవే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతాకాలం చివర గుడ్లు పెట్టేది కూడా ఆ ఖాళీ ఇసుకలోనే, అక్కడిదాకా సరుగుడు వేస్తే వాటికి చోటు ఉండదు. దాని వెనక మొగలి పొదలు, ఆ వెనక పొన్న, కానుగ, తాడి. సరుగుడు వేసుకోవాలంటే అన్నిటికంటే వెనక, పొలాల అంచున.

చదరాల లెక్క ఇప్పుడు పచ్చగడ్డిలో సరిగా రాదు. దసరా వెళ్లాక గడ్డి పండి వాలినప్పుడు తాడు పట్టుకుని ఎక్కండి, ఊళ్లో చెట్ల పేర్లు తెలిసిన పెద్దాయననో పెద్దమ్మనో తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పదిహేను చదరాల లెక్క, మోళ్ల ఫోటోలు ఇక్కడే పెడితే ఏ భాగం మూయాలో, ఏ జాతి విత్తనం ఏ నెలలో ఏరాలో చూసి చెబుతాను. తాని, ఉసిరి కాయలు నవంబరు నుంచే రాలడం మొదలవుతుంది కాబట్టి వాటికి గోనెసంచులు కాకుండా వెదురు బుట్టలు సిద్ధం చేసుకోండి.